మంచు మీదికి పోలరైజ్డ్ గాగుల్సే కావాలా? సోలంగ్ వెళ్తున్నాం, సలహా ఇవ్వండి

బరంపురం పట్టు · జనవరి 4, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. మాది బరంపురం, పెద్దబజారు వైపు. ఫిబ్రవరి రెండో వారంలో నేనూ మా తమ్ముడూ మనాలి దగ్గరి సోలంగ్‌కు వెళ్తున్నాం. నేను పద్నాలుగు రోజుల ప్రాథమిక స్కీయింగ్ శిక్షణలో చేరాను. తమ్ముడికి స్నోబోర్డు పిచ్చి, వాడు అక్కడే వేరే శిక్షకుడి దగ్గర నేర్చుకుంటాడట. మా ఇద్దరికీ మంచు అంటే ఇంతవరకు ఐసుబండి వాడి డబ్బాలో చూసిందే.

బూట్లు, స్కీలు అక్కడ అద్దెకు దొరుకుతాయి. గాగుల్స్ మాత్రం సొంతానివి ఉండాలని ముందు వెళ్లివచ్చినవాళ్ళు చెప్పారు. విశాఖలో ఒక దుకాణానికి వెళ్తే మామూలువి 4,200, పోలరైజ్డ్‌వి 7,500 అన్నారు. తేడా ఏమిటని అడిగితే, "పోలరైజ్డ్ కాకపోతే మంచులో కళ్ళు పోతాయి మేడం" అని భయపెట్టాడు. నిజమేనా? నాకు మైనస్ మూడు పవరు ఉంది, కళ్ళజోడు తీస్తే ఎదుట ఉన్నది కొండో కోవెలో తెలియదు. ఇంత డబ్బు పెట్టేముందు నాలుగు మాటలు చెప్పండి.

జయపురం జిడ్డు · జనవరి 4, రాత్రి 9.32

ఏడు వేలా! మనాలి బజారులో 250కి గాగుల్స్ అమ్ముతారు. నేను 2019లో అవే పెట్టుకుని మంచులో బొర్లాను, నా కళ్ళకు ఏమీ కాలేదు. మిగిలిన డబ్బుతో శాలువా కొనుక్కోండి.

గోపాలపురం గాలి · జనవరి 4, రాత్రి 10.05

అక్కయ్యా, నేను పోలరైజ్డ్ వైపే. మాది గోపాలపురం, సముద్రం మీద బతికే ఇల్లు. ఒడియావాళ్ళు మమ్మల్ని నోలియాలు అంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పొద్దున పది దాటిన తరువాత నీటి మీద పడే తళుకు ఎలా ఉంటుందో మీరు ఒడ్డునుంచి చూసే ఉంటారు, పడవలో ఉంటే దానికి నాలుగింతలు. మా మామయ్య పోయినేడు పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు కొన్నాడు. పెట్టుకోగానే నీటి మీది తెల్లటి రేకు ఎవరో చేత్తో లాగేసినట్టు పోయింది. కింద చేపల గుంపు నల్లగా కదలడం కూడా కనిపిస్తోంది. నీటికే అంత పని చేస్తే, మెరిసే మంచుకు ఎంత చేయాలి? కొనేయండి.

బల్లార్షా వెల్డరు · జనవరి 5, ఉదయం 6.50

పోలరైజ్డ్ సంగతి నాకు తెలియదమ్మా. కళ్ళు పోతాయన్న మాట గురించి మాత్రం చెప్పగలను. పాతికేళ్ళుగా వెల్డింగ్ చేస్తున్నాను. కొత్తలో ఒక రోజు "ఒక్క చుక్క అతుకే కదా" అని ముసుగు లేకుండా ఆర్కు కొట్టాను. అప్పుడు ఏమీ కాలేదు. రాత్రి పదకొండుకు నిద్రలో లేచి కూర్చున్నాను, కళ్ళలో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్టు. దీపం చూడలేను, రెప్ప మూయలేను, తెరవలేను. ధారగా నీళ్ళు. మా అమ్మ బంగాళదుంప ముక్కలు కట్టింది. పక్కింటావిడ తల్లిపాలు పోయమంది. రెండు రోజులు గోడకు తిరిగి పడుకున్నాను.

మంచులో వచ్చేదీ ఇదేనని ఆ తరువాత మా డాక్టరు చెప్పారు. 250 రూపాయల అద్దాలతో ఏమీ కాలేదన్న అన్నగారికి ఆ రోజు మబ్బు పట్టి ఉంటుంది.

కళ్ళద్దాల కమల, నాందేడు · జనవరి 5, ఉదయం 8.20

వెల్డరు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆప్టోమెట్రిస్టును. దానికి ఫోటోకెరటైటిస్ అని పేరు. అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను కాల్చేస్తాయి. ఎండకు చర్మం కమిలినట్టే కన్ను కమలడం. చిక్కు ఎక్కడంటే, కాలుతున్నప్పుడు తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత బయటపడుతుంది. అందుకే చాలామంది పగలంతా ఆడి, "నాకేం కాలేదు" అనుకుని భోంచేసి పడుకుంటారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పొర తిరిగి వస్తుంది, చూపు పోదు. దుకాణదారు "కళ్ళు పోతాయి" అన్నది అతిశయోక్తి. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. అలా వస్తే బంగాళదుంప, తల్లిపాలు వద్దు. కాంటాక్టు లెన్సులు ఉంటే తీసేసి, చీకటి గదిలో ఉండి, కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మొద్దుబార్చే చుక్కలు ఎవరైనా ఇస్తే ఇంటికి తెచ్చుకుని పదేపదే వేసుకోకండి, గాయం మానకుండా చేస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అతినీలలోహితాన్ని పొడి ఇసుక 15 శాతం దాకా, సముద్రపు నురగ 25 శాతం దాకా తిప్పికొడతాయి. కొత్తగా కురిసిన మంచు 80 శాతం దాకా. పైగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఈ కిరణాలు దాదాపు పదో వంతు పెరుగుతాయి. సోలంగ్ సుమారు 2,500 మీటర్లు. గోపాలపురంలో ఎండ పైనుంచి వస్తుంది, టోపీ పెడితే సగం తీరుతుంది. మంచులో కిందినుంచి కూడా వస్తుంది, దానికి టోపీ అడ్డు రాదు.

కాబట్టి మీరు మొదట అడగవలసిన ప్రశ్న పోలరైజ్డ్ కాదు. "యూవీ 400" ఉందా లేదా అన్నది. యూవీ అంటే ఈ అతినీలలోహితమే. 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలన్నిటినీ ఆపుతుందని దాని అర్థం. పోలరైజ్డ్ వేరు, యూవీ రక్షణ వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

జయపురం జిడ్డు · జనవరి 5, ఉదయం 8.41

నల్లగా ఉంటే చాలదా? నావి బొగ్గులా ఉండేవి.

కళ్ళద్దాల కమల, నాందేడు · జనవరి 5, ఉదయం 8.58

చాలదు. అంతేకాదు, యూవీ రక్షణ లేని నల్లటి అద్దం అసలు అద్దమే లేకపోవడం కంటే అధ్వాన్నం కావచ్చు. చీకటి అనుకుని కంటిపాప పెద్దదవుతుంది, కళ్ళు చికిలించడం మానేస్తారు, కిరణాలకు తలుపు బార్లా తీసినట్టే. రంగుకూ రక్షణకూ సంబంధం లేదు. పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌కు రంగు లేకపోయినా అతినీలలోహితాన్ని దాదాపు పూర్తిగా ఆపే గుణం సహజంగానే ఉంది. పేరున్న కంపెనీల స్కీ గాగుల్స్‌లో బయటి లెన్సు ఎక్కువగా దానితోనే చేస్తారు.

రాయగడ రైలుకట్ట · జనవరి 5, మధ్యాహ్నం 1.10

నా అనుభవం కూడా వినండి. ఇంటర్నెట్టులో 900కి "పోలరైజ్డ్, యూవీ 400" అని రాసి ఉన్నవి తెప్పించాను. లోపల చిన్న అట్టముక్క వచ్చింది. మామూలుగా చూస్తే బూడిదరంగు, అద్దాలలోంచి చూస్తే డాల్ఫిన్ బొమ్మ కనిపిస్తుంది. అబ్బా అసలువే అని మురిసిపోయాను. తరువాత మా ఊరి కళ్ళద్దాల దుకాణంలో యూవీ కొలిచే చిన్న యంత్రం మీద పెట్టించాను. కిరణాలు దర్జాగా దూసుకుపోతున్నాయి. డాల్ఫిన్ పోలరైజేషన్‌కే సాక్షి, యూవీకి కాదు. ఆ పెట్టె మీది అక్షరాలు ముద్రించడానికి సిరా తప్ప ఏమీ ఖర్చు కాదు.

బరంపురం పట్టు · జనవరి 5, రాత్రి 8.30

కమల గారూ, మీకు శతకోటి దండాలు. యూవీ విషయం అర్థమైంది. అయితే గోపాలపురం తమ్ముడు చెప్పిన తళుకు సంగతి? మంచు మీద మిరుమిట్లు గొలుపుతుంది కదా. దానికైనా పోలరైజ్డ్ వద్దా?

సిరోంచ ఒడ్డు · జనవరి 5, రాత్రి 10.48

ఇది నా పాఠం, కాబట్టి కాస్త ఓపిక పట్టాలి. మా ఊళ్ళో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఫిజిక్సు చెప్పేటప్పుడు పిల్లలను ఆ ఒడ్డుకే తీసుకువెళ్తాను.

వెలుగు మామూలుగా అన్ని దిక్కులలోనూ కంపిస్తూ వస్తుంది. నీటిలాంటి నునుపైన, చదునైన తలం మీద పడి ఏటవాలుగా తిరిగి వచ్చినప్పుడు మాత్రం, అందులో ఎక్కువ భాగం అడ్డంగా కంపించేదిగా మిగులుతుంది. నీటికి నిలువుగీతనుంచి సుమారు 53 డిగ్రీల కోణంలో ఇది పూర్తిగా జరుగుతుంది. గడ్డకట్టిన నీటికీ ఇంచుమించు అంతే. పోలరైజ్డ్ లెన్సులో ఉండే పొర నిలువు కంపనాన్ని మాత్రమే వదులుతుంది. పట్టు ఇంటి అమ్మాయి కనుక మగ్గం మీద పన్నెను గుర్తుచేసుకోండి. నిలువు పళ్ళ సందులోంచి కాగితాన్ని నిలువుగా పట్టుకుంటే దూరుతుంది, అడ్డంగా పట్టుకుంటే దూరదు. ఆ పొరను పల్చని రేకుగా చేయడానికి ఎడ్విన్ లాండ్ 1929లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, తరువాతి పోలరాయిడ్ అద్దాలన్నీ అక్కడినుంచి వచ్చినవే. గోపాలపురం మామయ్యకు నీటి మీది రేకు చేత్తో లాగినట్టు పోవడానికి కారణం ఇదే. తమ్ముడు చెప్పినది సముద్రం మీద నూటికి నూరుపాళ్ళు నిజం.

మంచు మీద లెక్క మారుతుంది. కొత్తగా కురిసిన మంచు తలం కాదు, కోట్ల చిన్న స్ఫటికాల గుట్ట. ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది. వెలుగు లోపలికి వెళ్ళి వంద చోట్ల తగిలి చిందరవందరై బయటకు వస్తుంది. ఆ గందరగోళంలో అడ్డం, నిలువు అన్న క్రమం చెరిగిపోతుంది. ఉప్పు గుట్ట తెల్లగా కనిపించేదీ, తెల్లగోడ తెల్లగా కనిపించేదీ ఇలాంటి చెదరడం వల్లనే. తెల్లగోడను పోలరైజ్డ్ అద్దాలతో చూసి తల పక్కకు వంచండి. ఏ మార్పూ ఉండదు. పొడిమంచు తెల్లదనాన్ని తగ్గించేది లెన్సు రంగు ముదురుతనమే, పోలరైజేషన్ వాటా చాలా కొంచెం.

మంచు కరిగి తడిసినప్పుడు, లేదా కరిగి రాత్రి మళ్ళీ గడ్డకట్టి పైన గాజు పెంకులా తయారైనప్పుడు, అప్పుడు అది నీటిలా ప్రవర్తిస్తుంది. అప్పుడు పోలరైజ్డ్ పని చేస్తుంది. అక్కడా ఒక మెలిక ఉంది. సముద్రం చదును, కొండ చదును కాదు. మెరుపు ఆ వాలుకు సమాంతరంగా కంపిస్తుంది. వాలు మీకు అడ్డంగా ఒరిగి ఉంటే ఆ కంపనం కూడా ఒరుగుతుంది, లెన్సులోని నిలువు సందుకు సరిగ్గా అడ్డం పడదు, కొంత మెరుపు లోపలికి వస్తుంది.

గోపాలపురం గాలి · జనవరి 5, రాత్రి 11.15

మాస్టారూ, ఓటమి ఒప్పుకుంటున్నాను. రేపు ఇంటి గోడతో పరీక్ష చేస్తాను.

విశ్రాంత సుబేదారు, పర్లాకిమిడి · జనవరి 6, ఉదయం 5.40

మాస్టారు గారు సిద్ధాంతం చెప్పారు, నేను కాళ్ళతో నేర్చుకున్నది చెబుతాను. తొంభైలలో గుల్మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌లో స్కీ శిక్షణ పొందాను. 1948లో మొదలైన బడి అది. మా జట్టులో ఒకతను సొంత డబ్బుతో పోలరైజ్డ్ కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు. మొదటి నాలుగు రోజులు గొప్పలు పోయాడు. అయిదో రోజు తెల్లవారుజామున గట్టిపడిన వాలు మీద అందరం దిగుతుంటే, మిగతావాళ్ళం నీలంగా మెరుస్తున్న చోటును చూసి పక్కకు తప్పుకున్నాం. అతనికి ఆ మెరుపు కనిపించలేదు. నేరుగా దాని మీదికి వెళ్ళి ముప్ఫై గజాలు జారాడు. ఎముక విరగలేదు, పరువు విరిగింది.

గట్టి మంచు తన ఉనికిని మెరుపుతోనే చెబుతుంది. ఆ మెరుపును తుడిచేస్తే హెచ్చరికను తుడిచినట్టు. పోలరైజ్డ్ పెట్టుకుని దశాబ్దాలుగా దిగుతున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు మంచు చప్పుడు, స్కీ అంచు కింది పట్టు చెబుతాయి. నేర్చుకునేవాళ్ళకు ఉన్నది కళ్ళు ఒక్కటే. అమ్మాయి మొదటిసారి వెళ్తోంది కనుక నా ఓటు మామూలు గాగుల్స్‌కే.

ఇంకొక మాట. ఏవి కొన్నా, మంచులో ఫోటో కోసమని నుదుటి మీదికి ఎత్తవద్దు. చెమట ఆవిరి లోపలికి ఎక్కి గంటసేపు దిగదు. గాగుల్స్ పోతే అట్టముక్కకు సన్నటి చీలిక కోసి కళ్ళకు కట్టుకోవడం మాకు నేర్పారు. ఉత్తర ధ్రువం దగ్గరి ఇనూయిట్‌లు ఎముకతో, కొయ్యతో అలాంటివే చేసుకునేవారు.

బరంపురం పట్టు వాళ్ళ తమ్ముడు · జనవరి 6, ఉదయం 9.05

నేనే ఆ స్నోబోర్డు పిచ్చివాణ్ణి. అక్క స్కీ నేర్చుకుంటుంది, ఆమెకు సుబేదారు గారి మాట సరే. నేను మాత్రం పోలరైజ్డే కొంటాను. వీడియోలలో అందరూ అద్దంలా మెరిసే గాగుల్సే పెడుతున్నారు.

రాయగడ రైలుకట్ట · జనవరి 6, ఉదయం 9.20

తమ్ముడూ, బయటికి అద్దంలా మెరిసేది పూత. దానికీ పోలరైజేషన్‌కూ చుట్టరికం లేదు. ఓక్లీ వాళ్ళ ప్రిజ్మ్, స్మిత్ వాళ్ళ క్రోమాపాప్ అన్నవి కూడా రంగుల తేడాను ఎత్తి చూపే లెన్సు పద్ధతుల పేర్లు. ఆ పేరు చూసి పోలరైజ్డ్ అనుకోవద్దు, పెట్టె మీద ఆ మాట విడిగా రాసి ఉందో లేదో చూడు.

బరంపురం పట్టు వాళ్ళ తమ్ముడు · జనవరి 6, ఉదయం 9.24

అయినా కొంటాను.

కళ్ళద్దాల కమల, నాందేడు · జనవరి 6, మధ్యాహ్నం 2.15

కొననివ్వండి, ప్రమాదమేమీ లేదు, యూవీ ఉంటే చాలు. కొండ మీద ఫోను చూసుకునేటప్పుడు కొన్ని ఫోన్ల తెర నల్లబడుతుంది, అప్పుడు ఫోను పాడైందని కంగారు పడకుండా అడ్డంగా తిప్పి చూస్తే సరి.

పట్టు గారికి మిగతా విషయాలు. లెన్సు ముదురుతనాన్ని వీఎల్‌టీ అని శాతంలో రాస్తారు, ఎంత వెలుగు లోపలికి వస్తుందో అది. 80 దాటితే కేటగిరీ సున్నా, 43 నుంచి 80 ఒకటి, 18 నుంచి 43 రెండు, 8 నుంచి 18 మూడు, 3 నుంచి 8 నాలుగు. ఫిబ్రవరి ఎండకు కేటగిరీ మూడు చాలు. నాలుగు హిమానీనదాల మీద నడిచేవారికి, దానితో బండి నడపకూడదు. కానీ కొండల్లో మధ్యాహ్నానికి మబ్బు పట్టిందంటే నేలా ఆకాశమూ ఒకే తెలుపైపోతాయి, గుంత ఎక్కడో దిబ్బ ఎక్కడో తెలియదు. కొత్తవాళ్ళు ఎక్కువగా పడేది ఎండలో కాదు, ఈ చప్పిడి వెలుగులో. దానికి పసుపు, గులాబీ, లేత నారింజ రంగుల కేటగిరీ ఒకటి లెన్సు కావాలి. మీ 7,500లో పోలరైజ్డ్‌కు పెట్టే అదనపు డబ్బును ఈ రెండో లెన్సుకు పెట్టండి. మార్చుకునే లెన్సులు ఉన్న గాగుల్స్ వస్తున్నాయి, కొన్నిటికి అయస్కాంతం ఉంటుంది, చేతి తొడుగులతోనే మార్చవచ్చు. ఎండను బట్టి తానే ముదిరే ఫోటోక్రోమిక్ రకం కూడా ఉంది, కాకపోతే రంగు మారడానికి కొంత సమయం తీసుకుంటుంది.

మీ కళ్ళజోడు మీదుగా పట్టే రకాన్ని ఓటీజీ అంటారు. లోతు ఎక్కువ, కాడలు దూరడానికి పక్కన నురగ పట్టీలో గాడి ఉంటుంది. దుకాణానికి మీ కళ్ళజోడుతోనే వెళ్ళండి, హెల్మెట్ కూడా పెట్టుకుని చూడండి. హెల్మెట్ అంచుకూ గాగుల్స్‌కూ మధ్య నుదురు కనిపిస్తే ఆ సందులోంచి చలిగాలి దిగుతుంది, గాగుల్స్ కింద ఒత్తితే ముక్కు మూసుకుంటుంది. మన ముక్కు దూలం చాలామందికి పాశ్చాత్యుల కంటే కొంచెం కిందుగా ఉంటుంది, ముక్కు పక్కన వేలు దూరేంత ఖాళీ ఉంటే ఆ నమూనా మీకు కాదు. తక్కువ దూలానికి ప్రత్యేకంగా చేసినవి అడగండి.

బల్లార్షా వెల్డరు · జనవరి 6, సాయంత్రం 6.30

అమ్మా, ఆవిరి పట్టకుండా లోపల సబ్బు రాస్తే? మేము ముసుగు అద్దానికి అలాగే చేస్తాం.

కళ్ళద్దాల కమల, నాందేడు · జనవరి 6, రాత్రి 7.10

అన్నయ్యా, వెల్డింగ్ అద్దానికి సరే. స్కీ గాగుల్స్‌కు వద్దే వద్దు. వీటికి రెండు పొరల లెన్సు ఉంటుంది, మధ్యలో గాలి. ఇంటి కిటికీకి రెండు తలుపులు ఉన్నట్టు. లోపలి పొర మీద ఆవిరిని పట్టనివ్వని పూత ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు చాలా మెత్తన. సబ్బు, చీర కొంగు, చేతి తొడుగు, ఏది తగిలినా గీతలే. మంచు పడితే దులపండి, తడిస్తే ఆరనివ్వండి, అంతకంటే ఏమీ చేయకండి.

నిర్వాహకుడు · జనవరి 6, రాత్రి 7.45

ఇద్దరు సభ్యులు అమ్మకం చిరునామాలు పెట్టారు, తీసేశాను. చర్చ కొనసాగించండి.

జయపురం జిడ్డు · జనవరి 6, రాత్రి 8.02

ఇంత చదివిన తరువాత నా పాత గాగుల్స్ అటకమీంచి దించి చూశాను. రక్షణ గురించి ఒక్క అక్షరం లేదు, "స్పోర్ట్స్" అని మాత్రం ఉంది. నేను 2019లో బతికి బయటపడ్డాను. నిజానికి ఆ మూడు రోజులూ మబ్బే. వెల్డరు గారి దగ్గర జ్యోతిషం కూడా ఉన్నట్టుంది. మా పిల్లవాడు వాటిని హోళీకి వాడుకుంటాడు.

సిరోంచ ఒడ్డు · జనవరి 6, రాత్రి 10.20

ఒక చిన్న ముక్క. దుకాణంలో పెట్టె మీద ఈఎన్ 174 లేదా ఐఎస్ఓ 18527 అన్న అంకె ఉందేమో చూడండి, స్కీ గాగుల్స్‌కు ప్రత్యేకంగా ఉన్న ప్రమాణాలు అవి. మామూలు చలువ కళ్ళద్దాల ప్రమాణం వేరు. అంకె కూడా సిరాతోనే ముద్రిస్తారని రాయగడ మిత్రుడు అంటాడు, కాదనను. అందుకే కొన్న తరువాత యంత్రం మీద పెట్టించండి.

బరంపురం పట్టు · జనవరి 19, రాత్రి 9.00

కొన్నాను. ఓటీజీ రకం, కేటగిరీ మూడు బూడిదరంగు లెన్సు ఒకటి, గులాబీ రంగు కేటగిరీ ఒకటి ఇంకొకటి, మొత్తం 5,600. పోలరైజ్డ్ కాదు. బరంపురంలో తెలిసిన కళ్ళద్దాల దుకాణంలో కొలిపించాను, రెండు లెన్సులకూ యూవీ సున్నా చూపించింది. తమ్ముడు 7,500 పెట్టి పోలరైజ్డ్ తెచ్చుకున్నాడు. ఇంట్లో టీవీ ముందు తల వంచి తెర నల్లబడిందని కేకలు వేస్తున్నాడు.

విశ్రాంత సుబేదారు, పర్లాకిమిడి · జనవరి 20, ఉదయం 5.30

మంచి పని. పెదవులకు, ముక్కు కిందికి, గడ్డం అడుగుకూ ఎండ మలాము రాసుకో తల్లీ. కింది వెలుగు అక్కడే కాలుస్తుంది.

బరంపురం పట్టు · మార్చి 3, రాత్రి 8.40

వచ్చేశాం. కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, తిరిగి వచ్చాక వారం రోజులు మోకాళ్ళు నా మాట వినలేదు.

మొదటి నాలుగు రోజులు గట్టి ఎండ. బూడిదరంగు లెన్సుతో ఏ ఇబ్బందీ లేదు. మా బృందంలో ఒకమ్మాయి మామూలు ఫ్యాషన్ కళ్ళద్దాలతో వచ్చింది, పక్కలనుంచి వెలుగు దూరింది. రెండో రాత్రి ఆమె పడిన బాధ చూస్తే వెల్డరు గారి పోస్టు కళ్ళముందు మెదిలింది. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం, మూడో రోజుకు తేరుకుంది.

అయిదో రోజు మబ్బు. కమల గారు చెప్పిన చప్పిడి వెలుగు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. బూడిదరంగు లెన్సుతో నా స్కీల కొనలు కూడా మంచులో కలిసిపోయాయి. గులాబీది మార్చగానే గతుకులకు నీడలు వచ్చాయి. ఆ తరువాత తొమ్మిది రోజుల్లో ఆరు రోజులు అదే పెట్టుకున్నాను. చెప్పాలంటే నేను డబ్బు పెట్టినది ఆ రెండో లెన్సుకే.

తమ్ముడి సంగతి వాడే చెబుతాడు.

బరంపురం పట్టు వాళ్ళ తమ్ముడు · మార్చి 3, రాత్రి 9.10

ఎండ రోజుల్లో బాగానే ఉన్నాయి. దూరపు కొండలు, ఆకాశం అద్భుతంగా కనిపించాయి, ఆకాశం అంత నీలంగా ఉంటుందని తెలియదు. పొడిమంచు మీద అక్క గాగుల్స్ పెట్టుకుని చూస్తే పెద్ద తేడా లేదు. మధ్యాహ్నం కరిగి తడిసిన మంచు మీద తేడా తెలిసింది, మెరుపు బాగా తగ్గింది. మబ్బు రోజున మాత్రం గుడ్డివాణ్ణి, ఒకటే లెన్సు కదా. సుబేదారు గారు చెప్పిన నీలం చోటు నాకూ దొరికింది. కూర్చునే భాగం ఇంకా నొప్పిగా ఉంది.

సిరోంచ ఒడ్డు · మార్చి 3, రాత్రి 10.30

ఆకాశం అంత నీలంగా ఉండడానికి కారణం కూడా అదే బాబూ. సూర్యుడికి తొంభై డిగ్రీల దూరంలో ఆకాశపు వెలుగు బాగా పోలరైజ్ అయి ఉంటుంది, లెన్సు దాన్ని కోసేస్తుంది. దానికి టికెట్టు కొనలేదు కదా, లాభమే అనుకో.

గోపాలపురం గాలి · మార్చి 4, ఉదయం 7.15

తమ్ముడూ, ఇంక మంచు ఎప్పుడో. ఆ పోలరైజ్డ్‌వి అమ్మే ఆలోచన ఉందా? మామయ్య కళ్ళద్దాలు పోయిన వారం అలకు కొట్టుకుపోయాయి. స్కీ గాగుల్స్‌కు పట్టీ ఉంటుంది కదా, పడిపోవని అడుగుతున్నాడు.

బరంపురం పట్టు వాళ్ళ తమ్ముడు · మార్చి 4, ఉదయం 7.30

అమ్మడం ఎందుకన్నయ్యా, ఆదివారం గోపాలపురం వస్తున్నాం, తెచ్చిస్తాను. వాడి చూడమనండి.

గోపాలపురం గాలి · మార్చి 11, సాయంత్రం 5.50

రెండు రోజులు వాడాడు. కానగంత చేపల గుంపు ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించలేదట. పడవలో మిగతావాళ్ళు నవ్వుతున్నా తీయడం లేదు. కాకపోతే మార్చి ఎండలో ఆ నురగ పట్టీ లోపల ముఖం ఉడికిపోతోందట, చెమట కళ్ళలోకి కారుతోందట. నురగను కత్తితో కోసి తీసేయవచ్చా అని అడుగుతున్నాడు.

బరంపురం పట్టు వాళ్ళ తమ్ముడు · మార్చి 11, సాయంత్రం 6.05

తీసేయమనండి.